పూతరేకుల కింద వాచీ

భీమేశ్వరరావుకి ఊరికే వచ్చేదేదీ గిట్టదు. కువైట్‌లో స్టోర్ కీపర్ ఉద్యోగమని నమ్మించి, తీరా దిగాక సిమెంటు బస్తాలు మోయించిన బొంబాయి ఏజెంటు కూడా మొదటిరోజు టీ ఊరికే తాగించాడు. ఇప్పుడు నిజంగానే స్టోర్ కీపరై, అక్కడే ఫింటాస్‌లో పెళ్లాంబిడ్డలతో కాపురముంటున్నా, ఎవరైనా టీ ఇస్తే కప్పు వంక కాదు, ఇచ్చినవాడి మొహం వంక చూస్తాడు.

అలాంటి మనిషి కూతురు చంద్రావతి అమెరికాలో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టుకుంది. ఒకప్పుడు అక్కడే చదువుకున్న యూసుఫ్ అనే కువైటీ ఇంజనీరు ఫోన్ చేసి, శుక్రవారం జాబ్రియాలోని తమ ఇంటికి రమ్మన్నాడు. కాసేపు మాట్లాడి, అమ్మాయి ఎలాంటిదో కాలేజీకి రాస్తాడట.

"ఆయనకేం ఇవ్వాలంట?"

"ఏమీ ఇవ్వక్కర్లేదండి నాన్నగారూ. పాత విద్యార్థులు కాలేజీ మీద అభిమానంతో చేస్తారంట."

"అభిమానమా! సెలవు పూట, సొంతింట్లో, ఎవరో ఇండియావాళ్ల పిల్లని కూర్చోబెట్టుకునా? ఊరికే ఎవడు చేస్తాడే అమ్మడూ? నాకేదో తేడాగా ఉంది."

కానీ పిల్ల ఆ సీటు మీదే ప్రాణం పెట్టుకుంది. వద్దనడానికి నోరు రాలేదు. అందుకని తన పద్ధతిలో సిద్ధమయ్యాడు. ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకులు రేకు డబ్బాలో సర్ది, అడుగున కొత్త జపాన్ వాచీ ఒకటి పెట్టాడు. చంద్రావతి చూసి "వద్దండీ" అంటే వినిపించుకోలేదు.

జాబ్రియాలో తలుపు తీసింది ఆ ఇంట్లో పనిచేసే కడప మనిషి తిరుపాలమ్మ. డబ్బా కూతురి చేతికిచ్చి, తిరుపాలమ్మను పక్కకి పిలిచాడు.

"ఏమ్మా, మీ బాబా ఎలాంటివాడు?" అని యజమాని గురించి ఆరా తీశాడు.

"మంచోడే సార్. ఏటా ఇట్లనే పిల్లోల్లు వస్తారు, మాట్లాడి పంపిస్తాడు."

"ఏం తీసుకుంటాడు?"

"ఏమీ తీసుకోడు సార్."

భీమేశ్వరరావు అనుమానం రెట్టింపైంది. ఇంట్లో పనిచేసే మనిషికి కూడా తెలియకుండా పుచ్చుకుంటున్నాడంటే వీడు గట్టివాడే!

అమ్మాయితో ఒంటరిగా మాట్లాడితే బాగుంటుందని యూసుఫ్ మర్యాదగా అన్నాడు. ఆ మాటతో భీమేశ్వరరావు సోఫాలో ఇంకాస్త లోపలికి జరిగి కూర్చున్నాడు. ఇక ఆ పెద్దమనిషి చేసేదేముంది, మాటలు మొదలుపెట్టాడు. భీమేశ్వరరావు ఆయన చేతుల మీంచి చూపు తిప్పలేదు. చంద్రావతి ఏదో అంటే ఆయన నవ్వాడు. ఎందుకు నవ్వాడు? ఒకచోట పిల్ల గొంతు వణికింది, ఆయన రాయడం ఆపేశాడు. ఎందుకు ఆపాడు? ఇప్పుడు అడుగుతాడు, ఇదిగో ఇప్పుడే అడుగుతాడు అనుకుంటూ కూర్చుంటే ముందున్న టీ చల్లారిపోయింది.

ఆయన ఏమీ అడగలేదు. లేచి చెయ్యి కలిపాడు. భీమేశ్వరరావే కూతురి దగ్గర డబ్బా తీసుకుని ఆయనకి అందించాడు. యూసుఫ్ మూత తీసి, ఒక పూతరేకు నోట్లో వేసుకుని, "షుక్రన్" అని అరబ్బీలో థాంక్స్ చెప్పి, నవ్వి, డబ్బా తిరుపాలమ్మకిచ్చాడు.

కారెక్కగానే భీమేశ్వరరావు గుండెలమీంచి బరువు దిగింది. "చూశావా? డబ్బా బరువు తెలిసినా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆరితేరినవాడు. ఇంక సీటు నీదే అమ్మడూ."

చంద్రావతి హ్యాండ్‌బ్యాగులోంచి వాచీ తీసి ఆయన ముందు పెట్టింది. "మీరు తిరుపాలమ్మతో మాట్లాడుతున్నప్పుడే తీసేశానండి. వస్తే సీటు నాకు రావాలి, వాచీకి కాదు."

ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. కోపం రావాలి, కానీ భయం ముంచుకొచ్చింది. "మరి ఆయన తీసుకున్నదేంటి?"

"పూతరేకులండి."

"అంతేనా? వట్టి పూతరేకులకి అంతసేపు కూర్చున్నాడా? ఇంతకీ ఏం అడిగాడే? నువ్వేం చెప్పావు? గొంతెందుకు వణికింది?"

చంద్రావతి తండ్రి వంక నమ్మలేనట్టు చూసింది. "పక్కనే కూర్చున్నారు కదండీ. ఇంజనీరింగ్ ఎందుకన్నారు. మీరు సిమెంటు బస్తాలు మోసిన సంగతి చెప్పాను. మీ గురించే చెప్పానండి అంతసేపూ."

భీమేశ్వరరావు గుర్తు తెచ్చుకోబోయాడు. యూసుఫ్ చేతులు గుర్తున్నాయి, కలం గుర్తుంది, నవ్వు గుర్తుంది. కూతురన్న మాట ఒక్కటీ చెవిన పడలేదు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఇంజను ఆపేసి, "మళ్లీ చెప్పవే తల్లీ," అన్నాడు.