గేటు వైపు తలుపు

స్కూలు నుంచి వచ్చిన ఉత్తరంలో ఒక్క వాక్యం నాకు కొరుకుడు పడలేదు. "అడ్మిషన్ కోసం స్కూలు చూడటానికి వచ్చే కుటుంబాలు ఉదయం ఏడూ నలభైకి, పిల్లల్ని దింపే వరుసలోనే రావలెను." ఎందుకు? ఆ వేళకి స్కూలు ముందు కాలు పెట్టడానికి చోటుండదు. కొత్తవాళ్ళని ఎవరైనా పదింటికి, గేటు ఖాళీ అయ్యాక తీరిగ్గా పిలుస్తారు గానీ, సరిగ్గా రద్దీ వేళకే రమ్మంటారా?

ఉత్తరం వెనక నియమాలు అచ్చువేశారు. బండి నడిపేవాళ్ళు కిందికి దిగరాదు. పిల్లలు గేటు వైపు తలుపు తామే తీసుకుని దిగాలి. ఏ బండీ ఇరవై సెకన్లకు మించి ఆగరాదు.

"ఈ ఇరవై సెకన్లు ఎవరు లెక్కపెట్టి ఉంటారంటావు?" అని మా ఆవిడను అడిగాను.

"నీలాంటివాడే ఎవడో ఉండి ఉంటాడు," అంది.

అందులో అబద్ధమేమీ లేదు. నేను లిఫ్టు మెకానిక్‌ని. తలుపు తెరుచుకున్నాక ఎన్ని సెకన్లు ఆగి మూసుకోవాలో సరిచేయడం నా పనిలో పెద్ద భాగం. ఆఫీసుల్లో నాలుగు చాలు. ఆసుపత్రిలో పన్నెండు కావాలి, స్ట్రెచరు పట్టాలి కదా. ముసలివాళ్ళు ఎక్కువగా ఉన్న అపార్టుమెంటైతే ఎవరూ అడక్కపోయినా ఓ రెండు కలిపి వస్తాను. నా చేతికింద ఉన్న లిఫ్టుల్లో ఏ తలుపు ఎంతసేపు ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా సొంత కారు వెనక తలుపు పిడి మాత్రం ఏడాదిగా బిగుసుకుపోయి ఉంది. బయటి నుంచి నేనే తీస్తాను కదా, లోపలి పిడితో పనేముందని ఊరుకున్నాను.

మా అమ్మాయికి ఆరేళ్ళు. పిడుగు అని పిలుస్తాం. పుట్టుకతోనే కుడిచెయ్యి నెమ్మది. వేళ్ళు వంగుతాయి, పట్టుకుంటాయి, కాకపోతే వాటికి కబురు కాస్త ఆలస్యంగా అందుతుంది. ఇంతకుముందు రెండు స్కూళ్ళవాళ్ళు ఆ చెయ్యి చూడగానే, "మా దగ్గర అలాంటి పిల్లలకి ఏర్పాట్లు లేవండీ," అని టీ ఇచ్చి మరీ సాగనంపారు. ఆ టీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాకు అందుబాటులో ఉన్నవాటిలో ఇదే ఆఖరి స్కూలు. ఇదీ కాదంటే పిడుగు మరో ఏడాది ఇంట్లోనే ఉండాలి.

అందుకని నేనొక ఉపాయం పన్నాను. పిడుగుకి పొడుగు చేతుల స్వెటరు వేస్తాం. అడిగినవాటికి జవాబు చెప్పేటప్పుడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటుంది. సీటు చేతికొచ్చాక మిగతాది చూసుకోవచ్చు.

"ఈ ఎండల్లో స్వెటరేంటి?" అంది మా ఆవిడ.

"లోపల ఏసీ ఉంటుందిలే."

"సీటొచ్చాక? ఏడాదంతా స్వెటరేనా?"

మా ఆవిడ ల్యాబులో రక్తం తీస్తుంది. ఎదుటివాడి భయాన్ని సూది గుచ్చకముందే కనిపెడుతుంది. జవాబుగా గట్టిగా అరిచాను. ఆవిడ స్వెటరు తెచ్చి మంచం మీద పడేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఏడూ ముప్ఫైఅయిదుకే వరుసలో ఉన్నాం. మా ముందు పదకొండు బండ్లు. గేటు దగ్గర నారింజ రంగు కోటు వేసుకున్న ఒకావిడ నిలబడి ఉంది. నోట్లో విజిల్, చేతిలో చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. బండి ఆగగానే వాచీ చూసేది. పిల్లలు దిగేవాళ్ళు. కొన్ని బండ్లకి ఏమీ రాసేది కాదు. కొన్నింటికి మాత్రం గబగబా ఏదో రాసుకునేది.

నా కళ్ళు ఆ పుస్తకం మీదే ఉన్నాయి. ఏం రాస్తోంది? నంబరు ప్లేటా? కాదు, ప్లేటు వైపు చూడనే లేదు. ఆలస్యం చేసినవాళ్ళ పేర్లా? అదీ కాదు, తెల్లకారులోంచి ఒకబ్బాయి ఆరు సెకన్లలో దూకేశాడు, అతనికీ రాసింది. తలుపుల విషయంలో నాకు అర్థం కానిదంటూ ఒకటి ఎదురైతే నాకు కాలూ చెయ్యీ ఆడదు.

"ముందు బండి కదిలింది. చూడు," అంది మా ఆవిడ.

మా వంతు వచ్చింది. కారు ఆపాను. వెనక సీట్లో పిడుగు బెల్టు తీసుకుని తలుపు వైపు జరిగింది. అద్దంలో చూస్తే స్వెటరు చేయి పైకి పోయి మణికట్టు బయటపడింది. విజిల్ ఆవిడ సరిగ్గా అటే చూస్తోంది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే కిందికి దిగి, కారు ముందునుంచి పరుగెత్తుకెళ్ళి ఆ తలుపు తీసేశాను.

విజిల్ మోగింది. వరుసలో ఉన్న బండ్లలోంచి తలలు బయటికొచ్చాయి.

"సార్! దిగకూడదండీ. బోర్డు చూడలేదా?"

"కొత్తవాళ్ళమండీ," అన్నాను. అదొక జవాబా!

ఆవిడ పుస్తకం తెరిచి చాలాసేపు రాసింది.

సందర్శకుల గదిలో మాతోపాటు ఇంకో కుటుంబం కూర్చుని ఉంది. కోటు తొడుక్కున్న ఆ తండ్రి నా వైపు జాలిగా చూసి, గొంతు తగ్గించి, "అసలు పరీక్ష గేటు దగ్గరే అయిపోయిందంటండీ. లోపల అడిగేదంతా మర్యాదకే," అన్నాడు.

మా ఆవిడ నా ముఖం చూడలేదు. అరిచినా బాగుండేది. పిడుగు మాత్రం చెమటలు కక్కుతూ గోడమీది పిల్లల బొమ్మలు లెక్కపెట్టుకుంటోంది. ఆ గదిలో ఏసీ లేదు.

కాసేపటికి ప్రిన్సిపాల్ మేడమ్ లోపలికి పిలిచారు. జుట్టు నెరిసిన సన్నటి మనిషి. బల్లమీద ఆవిడ ముందు దారంతో పెన్సిలు కట్టిన ఆ నోటుపుస్తకమే ఉంది.

"వేడిగా లేదామ్మా ఆ స్వెటరు?" అని పిడుగుని అడిగారు.

"ఉందండీ. నాన్న తీయొద్దన్నాడు."

"ఎందుకని?"

"నా చెయ్యి కనిపిస్తుందని," అని స్వెటరు చేతిని పైకి లాక్కుని చూపించేసింది మా పిడుగు.

నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. రెండు స్కూళ్ళ సంగతి, టీ సంగతి, స్వెటరు ఉపాయం నాదేనన్న సంగతి అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాను. మేడమ్ ఆశ్చర్యపోలేదు. నోటుపుస్తకం తిప్పి నా ముందుకు జరిపారు.

"పొద్దుట్నుంచీ దీన్నే చూస్తున్నారట కదా. చదవండి."

గుండ్రటి అక్షరాలు. 'తెల్లకారు బాబు: తొందర ఎక్కువ, బూటు లేసులు కట్టుకోడు, మెట్ల దగ్గర చూడాలి. ఆరు.' 'ఎర్రకారు పాప: కళ్ళు తుడుచుకుని దిగింది, టీచరుకి చెప్పాలి. పద్నాలుగు.' ఇలా రాసుకున్న ఒక్కొక్కరి గురించీ ఒక వాక్యం, పక్కన సెకన్ల అంకె. ఆఖరున మేము. 'బూడిదరంగు కారు పాప: ఎడమచేత్తో పిడి పట్టుకుంది. కుడిచెయ్యి సాయం తెచ్చుకుంటోంది. ఈలోపు తండ్రి దిగి తీసేశాడు.' పక్కన అంకె లేదు. ఖాళీ.

"పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి రంగుల పేర్లడిగితే మాకేం తెలుస్తుందండీ?" అన్నారు మేడమ్. "గేటు దగ్గర అరనిమిషం చూస్తే ఎవరికి ఏం కావాలో సగం తెలుస్తుంది. అందుకే ఆ వేళకి రమ్మంటాం."

పిడుగు కుర్చీలో ముందుకు జరిగింది. "మా నాన్నకి అన్ని తలుపుల సెకన్లూ తెలుసండీ. ఆసుపత్రి లిఫ్టుది పన్నెండు."

"అవునా? అయితే నీకు కారు తలుపు తీసుకోవడానికి ఎన్ని పడుతుందో చెప్పమను."

పిడుగు నా వైపు తిరిగింది. మేడమ్ కూడా చూస్తున్నారు. సాయం కోసం మా ఆవిడ వైపు చూస్తే ఆవిడా నేల చూస్తోంది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మేము లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేంత సేపు ఎప్పుడూ ఆగలేదు.

"తెలీదండీ," అన్నాను.

"రేపు మళ్ళీ వరుసలో రండి," అన్నారు మేడమ్. "పాప చెయ్యి మాకు అడ్డం కాదు. కానీ ఇక్కడ తలుపు పాపే తీసుకోవాలి. మీరు ఆగలేనంటే ఈ స్కూలు మీకు కుదరదు. రేపు మీరు దిగితే సీటు మాట మళ్ళీ ఎత్తొద్దు."

ఆ సాయంత్రం కారు తలుపు లోపలి భాగం విప్పి కూర్చున్నాను. తుప్పుపట్టిన స్ప్రింగు మార్చి, నూనె వేశాను. పది నిమిషాల పని. పిడుగు పక్కన చతికిలబడి టార్చి పట్టుకుంది.

"ఇంత చిన్న పనా నాన్నా? మరి ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదు?"

"నేను తీస్తున్నాను కదే."

"తీయమని నేనడిగానా?"

నేను స్క్రూలు బిగించడంలో మునిగిపోయాను.

మర్నాడు స్వెటరు లేదు. మా ఆవిడకు ఉదయం డ్యూటీ, నేనూ పిడుగూ మాత్రమే వచ్చాం. కారు ఆగగానే వెనకనుంచి ఆజ్ఞ వచ్చింది.

"నాన్నా, చేతులు స్టీరింగు మీద పెట్టు. తీయకు."

పెట్టాను. విజిల్ ఆవిడ వాచీ చూసింది. నేనూ లోపల లెక్క మొదలుపెట్టాను. అయిదుకి బెల్టు ఊడింది. పదికి ఎడమచెయ్యి పిడి మీద పడింది. పదిహేనుకి జారింది. నా అరచేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి. ఇరవై దాటింది. వెనక ఎవడో హారన్ కొట్టాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. దిగి వాళ్ళ పని పట్టాలనిపించింది గానీ చేతులు తీయలేదు. విజిల్ ఆవిడ వాళ్ళకేసి అరచెయ్యి ఎత్తి చూపించింది, అంతే. ముప్ఫైకి కుడిచేతి వేళ్ళు వచ్చి ఎడమచేతి మీద కూర్చున్నాయి. ముప్ఫైనాలుగుకి టక్‌మని శబ్దం.

పిడుగు దిగింది. సంచీ భుజాన వేసుకుంది. వెనక్కి తిరిగి, నడుముతో ఒక్క తోపు తోసి తలుపు మూసేసింది. ఆ తోపు ఎప్పుడు నేర్చుకుందో, ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. గేటు దగ్గర మేడమ్ నిలబడి ఉన్నారు. పిడుగు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో గడగడా చెప్పుకుంటూ లోపలికి నడిచింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందని చూశాను. చూడలేదు.

కళ్ళు మసకబారాయి. దాచుకోవడమెందుకు, ఏడ్చాను.

అద్దం మీద ఎవరో తట్టారు. విజిల్ ఆవిడ. పుస్తకంలో అంకె వేయడం అప్పుడే అయినట్టుంది, పెన్సిలు ఇంకా దారానికి ఊగుతోంది.

"ముప్ఫైతొమ్మిది సార్, తలుపు మూయడంతో కలిపి. రేపట్నుంచి మీరు వరుస చివర్లో రండి, అక్కడ వెనక ఎవరూ తొందరపెట్టరు," అంది. "పాప వెళ్ళి నిమిషం దాటింది. ఇక మీరు కదలండి."