కొత్తావిడ

గది తలుపు బయట నిలబడి ఆమె మొహం మీది నవ్వును తుడిచేసుకుంది. గాజులు అప్పటికే తీసి బల్ల సొరుగులో పెట్టేసింది. అవి గలగలమంటే బిడ్డ చూపు అటు పోతుంది. బూడిదరంగు బట్టలు, మెత్తటి చెప్పులు, ఏ వాసనా లేని జుట్టు, ఇవే ఆమె పనిముట్లు. విశ్వవిద్యాలయంలోని ప్రవర్తనా శాస్త్ర విభాగంలో అందరూ ఆమెను కొత్తావిడ అనే పిలుస్తారు. జుట్టు నెరిసినా మోకాళ్ళు మొరాయిస్తున్నా ఆవిడ కొత్తావిడే.

చెప్పుకోవడానికి చిన్న పనే. బొమ్మలున్న గదిలో తల్లీ బిడ్డా ఉంటారు. కొత్తావిడ వెళ్ళి ఊరికే కూర్చుంటుంది. కాసేపటికి తల్లి లేచి బయటికి పోతుంది. బిడ్డ బెంగపడితే ఈవిడ ఊరడిస్తుంది. తల్లి తిరిగి రాగానే చడీచప్పుడు లేకుండా తప్పుకుంటుంది. తల్లిని చూసిన బిడ్డ పరుగెత్తుకెళ్తాడా, అలిగి మొహం తిప్పుకుంటాడా అన్నది ఒక వైపు నుంచే కనబడే అద్దం వెనక చీకటి గదిలో ఉన్నవాళ్ళు చూసి రాసుకుంటారు. వాళ్ళు బిడ్డకు కనబడరు. ఈవిడ కనబడుతుంది కాబట్టి, బిడ్డకు ఈవిడ ముక్కూ మొహం ముందే తెలిసి ఉండకూడదు. నియమమల్లా అదొక్కటే.

ఆ ఒక్క నియమమే ఆమె బతుకంతా ఆక్రమించుకుంది. ఊళ్ళో ఏ బిడ్డ ఎప్పుడు ఆ గదికి వస్తాడో ఎవరికి తెలుసు? అందుకే మెట్ల మీద పసివాళ్ళు ఎదురైతే మొహం పక్కకు తిప్పుకునేది. ఆవిడకు పిల్లలంటే గిట్టదని ఇరుగుపొరుగు తీర్మానించేశారు. లోకానికేం, నరం లేని నాలుక. ఇంటికెళ్ళి తలుపేసుకున్నాక, తాను పలకరించని పిల్లల ముద్దుమాటలు ఆమె తనలో తాను అనుకుని నవ్వుకునేదని ఎవరికీ తెలియదు.

ఇవాళ అద్దం వెనక ఆమె మేనకోడలు కూడా కూర్చుంది. ఇదే శాస్త్రంలో ఆ పిల్లకు సీటొచ్చింది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా తేల్చాలి. పొద్దున అన్నయ్య ఫోన్ చేసి నిలదీశాడు.

“అది చదివి నువ్వేం బావుకున్నావమ్మా? ఆ పిల్లకి ఏదో ఒకటి నువ్వే చెప్పు. మా మాట చెవిన పెట్టదు, నీ మాటైతే వింటుంది.”

“నేనేం చెప్పను అన్నయ్యా. ఒకసారి వచ్చి చూడమను. చూశాక దానిష్టం.”

అంతకు మించి ఏం చెప్పాలో ఆమెకు నిజంగానే తెలియలేదు. ఆమెతో చదివిన ఒకామె ఆసుపత్రిలో మనసు బాగాలేనివాళ్ళకు ధైర్యం చెబుతోంది. ఇంకొకాయన కంపెనీలో ఉద్యోగాలకు మనుషుల్ని ఏరుతున్నాడు. మరొకాయన జనం ఏ సబ్బు ఎందుకు కొంటారో కనిపెట్టి మేడ మీద మేడ కట్టాడు. ఈవిడ పాఠాలు చెబుదామనుకుంది. ఎవరో సెలవు పెడితే నాలుగు రోజులకని ఈ గదిలోకి వచ్చింది. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. మేనకోడలు ఈ చదువు వద్దంటే తన బతుకునే వద్దన్నట్టవుతుందని ఆమెకు భయంగా ఉంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి ఎండ పలచగా పడుతోంది. పొద్దుటి నుంచీ ఒళ్ళు గాల్లో తేలుతున్నట్టుంది. తల్లి ఆమెను పరీక్షగా చూసింది.

“మిమ్మల్ని ఎక్కడో చూసినట్టుందండీ.”

“అందరూ అలాగే అంటారమ్మా. నాది ఊరుమ్మడి మొహం.”

చూసిన మాట నిజమే. చెవి కింది పుట్టుమచ్చను కొత్తావిడ గుమ్మంలోనే పోల్చుకుంది. ఈ తల్లే ఒకప్పుడు పసిబిడ్డగా ఇదే గదిలో అమ్మ కోసం వెక్కి వెక్కి ఏడ్చి, ఈవిడ భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే చుట్టరికం కలుస్తుంది, పని చెడుతుంది. మింగేసింది.

తల్లి లేచి వెళ్ళింది. బిడ్డ తలుపు వంక చూశాడు. కింది పెదవి వణికింది. కొత్తావిడ చేతులు చాచలేదు. మోకాళ్ళు కలుక్కుమంటున్నా నెమ్మదిగా తివాచీ మీదికి దిగి, ఒక చెక్క బొమ్మను వాడి వైపు జరిపి ఊరుకుంది. వాడు ఏడుస్తూనే వచ్చి ఒళ్ళో పడ్డాడు. భుజానికెత్తుకుంటే కళ్ళజోడు లాగేసుకున్నాడు. గదంతా అలుక్కుపోయింది. ఎండ, గోడలు, బొమ్మలు ఒకదానిలో ఒకటి కరిగిపోయాయి. ఒళ్ళో ఉన్నది ఈ బిడ్డో, వీడి తల్లో ఆమెకు ఒక క్షణం తెలియలేదు. ఇన్నాళ్ళూ ఎత్తుకున్నది ఒక్క బిడ్డనేనేమో అనిపించింది. చెప్పలేనంత సంతోషం కలిగింది.

అద్దం వెనక మేనకోడలు పంతం పట్టి అత్తనే చూస్తోంది. అందరూ బిడ్డను చూస్తున్నారు, అత్తను చూసేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా అని ఆ పిల్ల పట్టుదల. తలుపు తెరుచుకుంది. బిడ్డ కేరింత కొట్టి తల్లి మీదికి ఉరికాడు. రెప్పపాటు ఆ పిల్ల కళ్ళు అటు పోయాయి. తిరిగి చూసేసరికి తివాచీ మీద అత్త లేదు.

“ఎప్పుడెళ్ళిందండీ?” అని పక్కనున్న పరిశోధకురాలిని అడిగింది.

“ఎవరు?” అందావిడ రాసుకుంటూనే.

కొత్తావిడ నడవాలోని బల్ల మీద గోడకు తల ఆనించి కూర్చుంది. లోపల బిడ్డ నవ్వుతున్నాడు. ఇవాళ పని బాగా కుదిరిందనుకుంది. గుండెల్లో ఏదో బరువుగా కదిలి, తేలికపడింది. కళ్ళు మూసుకుంది.

మేనకోడలు పరుగున వచ్చింది.

“అత్తా, నిన్నే చూస్తూ కూర్చున్నా తెలుసా! అయినా పట్టుకోలేకపోయా. ఇదెలా చేస్తావో నాక్కూడా నేర్పాలి. చేరుతున్నానని నాన్నకి చెప్పేస్తా.”

అత్త పలకలేదు. ఆ పిల్ల అత్త భుజం పట్టుకుని కదిపింది. ఒళ్ళోంచి చెయ్యి జారి పక్కన వేలాడింది.

ఆ పిల్ల నడవా అంతా మారుమోగేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని లోపల బిడ్డ బెదిరిపోయి తనూ అందుకున్నాడు. తల్లి ఎంత ఊరడించినా ఊరుకోలేదు. చివరికి వాణ్ణి ఎత్తుకుని ఇంకో తలుపు గుండా వెళ్ళిపోయింది. ఎవరో వచ్చి అద్దం వెనక దీపం వేశారు. బొమ్మల మధ్య తివాచీ మీద కళ్ళజోడు వెల్లకిలా పడి ఉంది, అద్దాల మీద చిన్న చిన్న వేళ్ళ తడి ఇంకా ఆరలేదు.