చలి తినని గింజలు

గింజ కడుపులో వనాన్ని దాచి, దాచిన సంగతే ఎరగనట్లు ఊరకుండే తల్లీ, భూదేవీ! నీకు మొక్కి ఈ కథ ఎత్తుకుంటున్నాను. మాట తొట్రుపడితే మన్నించు.

ఒక పట్టణపు తోటలో ఒక తోటమాలి ఉండేవాడు. అంగట్లో దొరికే పూలమొక్కలంటే అతనికి గిట్టదు. ఆ నేలలో తరతరాలుగా తమంతట తాము పుట్టిన మొక్కలనే కంటికి రెప్పలా పెంచేవాడు. వాటి విత్తనాలు సేకరించేది అతని భార్య. శరత్కాలంలో ఆమె కన్నుమూసింది. పోయేముందు ఒక కాగితపు పొట్లం అతని చేతిలో పెట్టింది. అందులో నలభై మూడు గింజలు. కొండవాలున పూసే నీలిపూలవి. ఒక్క ఏడు పూసి ఎండిపోయే జాతి కనుక ఏటా మళ్లీ విత్తవలసిందే. ఆ కొండను రాళ్లకోసం తొలిచేశారు. ఇక ఆ పూలకు మిగిలిన దిక్కు ఆ పొట్లమే.

తడి ఇసుకలో రెండు నెలలు గట్టి చలి తింటేనే ఆ గింజలు మొలుస్తాయి. ఏటా దంపతులిద్దరూ ఇసుక మూకుడును ఉత్తరపు మెట్టుమీద, ఎండ సోకనిచోట పెట్టేవారు. ఈ ఏడు అతడొక్కడే పెట్టాడు.

చలి రాలేదు.

హేమంతం నడుమ అకాల వసంతం దిగింది. పొదలు నెల ముందే చిగిర్చాయి, తేనెటీగలు దారి తప్పినట్లు తిరిగాయి. జనం కోట్లు భుజాన వేసుకుని వచ్చి ఎండలో సేదతీరారు. అతని వీపుకూ ఆ ఎండ ఇంపుగానే తగిలేది; ఆ ఇంపుకే సిగ్గుపడి నీడలోకి జరిగేవాడు.

మందుల దుకాణంలో పనిచేసే మరదలు, అంటే భార్య చెల్లెలు, ప్రతి ఆదివారం వచ్చేది.

"ఏం బావా, ఇసుకకి కాపలానా? ఎవరూ ఎత్తుకుపోరులే."

"చలి కోసం చూస్తున్నానమ్మా."

"చూస్తే రావడానికి అదేమన్నా బస్సా? మా మందుల ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేయిస్తాను, ఇటివ్వు."

"మీ అక్క పద్ధతి అది కాదు. గింజ ఆకాశం కిందే పడుకోవాలనేది."

"ఇప్పుడు అక్క మాట నీకు వేదమైంది. ఉన్నప్పుడు ఒక్కటన్నా విన్నావా?"

చాలా రోజులకు అతడు నవ్వాడు. మూకుడు మాత్రం ఇవ్వలేదు. మరుసటి వారమూ ఆమె అడిగింది, అతడు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి ఆమె అడగలేదు.

శిశిరం చివర ఒక ఉదయం ఇసుక నుంచి ముక్కవాసన వచ్చింది. అతడు తెల్లగుడ్డ పరిచి, ఇసుక పోసి, ఒక్కొక్క గింజనూ వేలితో నొక్కి చూశాడు. తడిపిండిలా చిట్లాయి. నలభై మూడూ.

మరదలు వచ్చేసరికి ఆ గుడ్డముందే కూర్చుని ఉన్నాడు. ఆమె చూసి పక్కన కూలబడింది.

"మీ అక్క ఉంటే ఏం చేసేదే?"

ఆమె చిట్లిన గింజ ఒకటి వేలిమీదకు తీసుకుంది. "పన్నెండేళ్ల కిందట కూడా ఇలాగే చలి పడలేదు బావా. అక్క నీకు తెలీకుండా గింజలు తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టించింది. మెట్టుమీద వట్టి ఇసుక ఉంచింది. నువ్వు రోజూ దానికి నీళ్లు చల్లేవాడివని చెప్పి ఒకటే నవ్వు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చిన్నబుచ్చుకుంటావని."

"పోనీ నువ్వు?"

"చెప్పనని మాటిచ్చాను. పోయినదాని మాట కదా, తప్పడానికి నోరు రాలేదు." ఆమె గుడ్డమీది ఇసుకను వేలితో పక్కకు నెట్టింది. "నువ్వూ అక్క మాట దాటనన్నావు కదా బావా."

అతనికి కోపం రాలేదు. పోయిన మనిషి మాట తప్పని ఇద్దరూ కలిసి ఆమె పువ్వును లేకుండా చేశారు. ఎవరిని ఏమనగలడు? గుడ్డ నాలుగు మూలలూ దగ్గరకు తీసి ముడివేశాడు. ముడి బిగించడం చేతకాలేదు. మరదలు చెయ్యి వేసింది. బయట ఎవరో ఎండను మెచ్చుకుంటూ వెళ్తున్నారు.

ఈ కథ విన్నవారి చేలకు వేళకు చలి, వేళకు వాన అందుగాక. ఇంట మనిషి ఉండగానే అడగవలసినవి అడిగే బుద్ధి, చెప్పవలసినవి చెప్పే ధైర్యం అందరికీ కలుగుగాక.