లైన్‌మన్ గారి భార్య మోకాలు

నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. గుణింతాల దగ్గర ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. ఈ కాస్త కథ రాయడానికి మూడు వారాలు పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

జీపులో అడవి జంతువుల్ని చూసే సఫారి నిన్నటితో అయిపోయింది. కొండ ఎక్కడం రేపు పొద్దున మొదలవుతుంది. మధ్యలో ఈ ఒక్క రోజూ విశ్రాంతి. లాడ్జి రెండో అంతస్తు గదిలో లైన్‌మన్ గారి భార్య మాసిన బట్టలు కుప్ప పోసుకుని కూర్చుంది. నాలుగు రోజులు జీపులో తిరిగిన ఎర్రదుమ్ము కాలర్లలో, జేబుల్లో, ఆఖరికి చెవుల్లో కూడా ఉంది.

లైన్‌మన్ గారు కింద హాల్లో ఉన్నారు. ముప్ఫై మూడేళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగిన మనిషి. రిటైరయిన రోజు ఇంటికి రాగానే, మెడలో దండ తియ్యకుండానే, "ఇన్నాళ్లూ ముప్ఫై అడుగులు దాటలేదోయ్. ఒక్కసారన్నా మబ్బుల పైకి ఎక్కి కిందికి చూడాలి" అన్నారు. అలా బయల్దేరిన ప్రయాణం ఇది.

ఆయన గొంతు మెట్ల మీదుగా పైకి వస్తోంది. రేపు కలిసి ఎక్కబోయే వాళ్లకి సింహాల సంగతి చెబుతున్నారు. నిజానికి ఈ మొగుడూ పెళ్లాలు చూసింది ఒక్క సింహాన్ని, అదీ నిద్రపోతోంది. ఈయనా నిద్రపోతుంటే మోచేత్తో పొడిచి లేపింది ఆమె. ఇప్పటికి సింహాలు మూడయ్యాయి. ఆయన చెప్పేదాంట్లో ఆ జీపులో ఆమె ఉన్నట్టు మాత్రం ఎక్కడా రాలేదు.

ఖాకీ చొక్కా జేబులో చెయ్యి పెడితే మాత్రల పట్టీ తగిలింది. పదింట్లో నాలుగే మిగిలాయి. మాత్రలన్నీ ఆమె సంచిలోనే ఉంటాయి. ఆవిరి పట్టే మందు దగ్గర్నుంచి కాలి కురుపు పూత దాకా ఏం కావాలన్నా ఆయన ఆమెనే అడగాలి. మరి ఇవి ఎక్కడివి?

పట్టీని గుప్పిట్లో పెట్టుకుని కిందికి దిగింది.

"ఎక్కడికే?" అన్నారాయన.

"దువ్వెన కొనుక్కొస్తానండీ."

"వెళ్లిరా," అని మళ్లీ సింహాల్లో పడ్డారు.

బూట్లు, చేతికర్రలు అద్దెకిచ్చే దుకాణాలు దాటాక మందుల షాపు. అందులో ఉన్నావిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి పట్టీని దగ్గరగా చూసింది.

"ఎవరికక్కా?"

"మా ఆయనకి."

"గుండె నొప్పొస్తే నాలిక కింద పెట్టుకునేవి ఇవి. డాక్టరు చెప్పలేదా?"

"ఆయనకి చెప్పే ఉంటాడు."

"కొండెక్కడానికి గానీ రాలేదు కదా? పైన మంచివాళ్లకే ఊపిరాడదు."

"లేదమ్మా, ఊరికే చూసిపోదామని," అంది ఆమె.

తిరిగి వస్తూ లెక్కపెట్టుకుంది. ఆరు మాత్రలు, ఆరుసార్లు. ఆరుసార్లూ తను ఎక్కడుంది? జీపులో ఒకసారి ఆయన మొహం అటు తిప్పుకుని, కంట్లో దుమ్ము పడిందన్నారు. తనేమో కొంగు నోటితో ఊది వెచ్చచేసి ఇచ్చింది. మిగతా ఐదుసార్లు బహుశా పక్క మంచం మీదే ఉండి ఉంటుంది. ఆయన చొక్కాకి ఏ గుండీ వదులుగా ఉందో చెప్పగలదు. ఆయన గుండె సంగతి ముక్కూ మొహం తెలియని మందులావిడ చెబితే తెలిసింది. రోడ్డంతా జనమే. ఎవరితో అనుకుంటుంది?

నిలదీస్తే ఒప్పుకోరు. నలుగురిలో అంటే తలెత్తుకోలేరు. తను ఎక్కలేనంటే సరి, ఆయన కూడా ఆగిపోతారు. ఒకసారి దూరం బదిలీ అయితే, ఆమె చేతి వంట లేదని ఎనిమిదో రోజుకే సెలవు పెట్టి వచ్చేసిన మనిషి. ఆ ధైర్యంతో మెట్లెక్కింది.

సాయంత్రం నాలుగింటికి గైడు వచ్చాడు. ఎక్కే ముందురోజు ప్రతి గదికీ వచ్చి, సంచులు మంచం మీద బోర్లించి, అక్కర్లేనివి తీసేయించడం అతని పద్ధతి.

"ఇస్త్రీ పెట్టె ఎందుకు సార్?"

"పైన ఫొటో దిగాలా వద్దా?"

"పైన ప్లగ్గు పెట్టించడం మరిచిపోయాం సార్," అని గైడు దాన్ని పక్కన పెట్టాడు. "అమ్మా, మీకు ఒంట్లో ఎలా ఉంది?"

"కుడి మోకాలు పట్టేసింది బాబూ. నేను ఎక్కలేను."

అని భర్త మొహం వంక చూసింది.

"అయ్యో," అన్నారాయన. "పోన్లే. నువ్విక్కడే హాయిగా ఉండు. ఆరు రోజులేగా, ఇట్టే అయిపోతాయి."

ఆ మాటలో దిగులు వెతికింది. దొరకలేదు. బరువు దించుకున్నవాడి గొంతు అది. తను పక్కన లేకపోతే దాచుకునే పని కూడా ఉండదు.

"నా వంట లేకుండా తినగలరా?"

"వంటాయన వస్తాడటగా."

గైడు ఆయన వేలికి ఊపిరి సత్తువ కొలిచే చిన్న క్లిప్పు తగిలించి అంకెలు చూశాడు. "బాగానే ఉంది సార్. గుండె జబ్బులాంటిదేమీ లేదుగా?"

"నాకా? ఇనప స్తంభం."

ఆమె లేచి, మేజోళ్ల కుప్ప మీద మాత్రల పట్టీ పెట్టింది. "వీటిని ఏ సంచిలో సర్దమంటావు బాబూ?"

గైడు పట్టీ తీసి చూశాడు. ఆయన బూట్లు మంచం మీంచి తీసి కింద పెట్టాడు.

"మిమ్మల్ని తీసుకెళ్లలేను సార్."

"కాగితం మీద రాసిస్తాను. నా పూచీ నాది."

"పైనుంచి మోసుకురావాల్సింది మీ పూచీని కాదు సార్, మిమ్మల్ని."

ఆయన మంచం అంచున కూలబడ్డారు. "కింద వాళ్లకి మా ఆవిడ మోకాలి సంగతి చెప్పు. ఇంకేం చెప్పకు," అన్నారు. గైడు ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది.

అతను వెళ్లాక ఆయన అడిగారు. "నా జేబులు వెతికావా?"

"ఉతికేముందు చూడనా? ముప్ఫై నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను. నాకు చెప్పాల్సిందండీ."

"చెబితే రానిచ్చేదానివా?"

ఆమె మేజోళ్లు జతచేసి సంచిలో పెట్టసాగింది. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నారు.

భోజనాల గంట మోగాక కిందికి దిగారు. ఆమె కుడికాలు ఈడ్చుకుంటూ నడిచింది. బల్ల దగ్గర ఒకావిడ, "మీ మూలాన పాపం ఆయన కూడా ఆగిపోవాల్సొచ్చిందే," అంది.

"అవునండీ," అంది ఆమె.

ఆయన తల వంచుకుని తింటున్నారు. మిగతావాళ్లు రేపటి చలి గురించి, తిండి గురించి మాట్లాడుకున్నారు. వీళ్లనెవరూ అందులోకి పిలవలేదు.

పైకి వెళ్లేటప్పుడు ఆమె నాలుగు మెట్లెక్కి ఆగింది. కమ్మీ పట్టుకుని కుడి మోకాలు రుద్దుకుంది. ఒక మెట్టు కింద ఆయన గోడ వైపు మొహం పెట్టి నిలబడ్డారు. వెనక నుంచి వస్తున్న జంట, "నెమ్మదిగా ఎక్కండమ్మా," అని పక్కనుంచి పోయారు. ఆయన ఊపిరి కుదుటపడ్డం విని, "పదండి," అంది. మరో నాలుగు మెట్లెక్కి మళ్లీ మోకాలు పట్టుకుంది. ఆయన ఆమెని దాటి ముందుకి పోలేదు. రెండో అంతస్తు దాకా అలాగే వెళ్లారు.

ఇట్లు,
అందరూ చిన్నపాప అని పిలిచే నేను. వయసు అరవై ఎనిమిది. ప్రస్తుతం మా మరదలి ఇంట్లో, వంటగది పక్క గదిలో ఉంటున్నాను.