ఆంటిగ్వాకి ఎన్ని రోజులు కావాలి?

ఆంటిగ్వా చూడటానికి ఎన్ని రోజులు కావాలో కనుక్కుని రాయమని కసిమిరా ఆ ఊళ్ళోనే ఉండే చెల్లెలికి ఉత్తరం పంపింది. "అన్నాళ్ళే ఉంటాను. ఒక్క పూట కూడా ఎక్కువ ఉండను" అని చివర్లో కింద గీత గీసి మరీ రాసింది.

చెల్లెలు అంపారో ఆ ఉత్తరం భర్త చేతికిచ్చి, "వారం అని రాసెయ్" అంది.

నికనోర్ బల్ల ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించి ఇలా రాశాడు: "ఒకటిన్నర రోజు చాలు వదినా. స్పెయిన్ దొరలు కట్టినవి కట్టారు, భూకంపం కూల్చినవి కూల్చింది. మిగిలింది కొంచెమే."

అతనికి వదిన మీద కోపమేమీ లేదు, ఉన్నదల్లా భయమే. బడిలో సంగీతం చెప్పి రిటైరైన నికనోర్‌కి షుగరుంది. తీపి ముట్టుకోవద్దని డాక్టరు చెబితే, ఇంట్లో పంచదార డబ్బాకి అంపారో తాళమేసింది. నికనోర్ మాత్రం రోజూ నాలుగింటికి నడకని చెప్పి బయల్దేరి, రెండు వీధుల అవతల ఫెలీసితాస్ మిఠాయి కొట్లో తేలేవాడు. కసిమిరాయేమో ముప్ఫై ఒక్క ఏళ్ళు రేవులో సరుకు తనిఖీ చేసిన మనిషి. పెట్టె మూత తీయకుండానే లోపల ఏముందో చెప్పేదని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమె చేతిసంచీ ఒక్కటి పట్టుకుని బస్సు దిగింది.

"ఇదేంటక్కా, చేతులూపుకుంటూ వచ్చావ్?"

"మీ ఆయన ఒకటిన్నర రోజని రాశాడుగా!"

అంపారో భర్త వైపు తిరిగింది. అతను ఎదురింటి పిట్టగోడ మీద పిల్లిని శ్రద్ధగా చూస్తున్నాడు.

మర్నాడు తెల్లవారకముందే అతను వదినని లేపి, పరుగులాంటి నడకతో ఊరు చూపించడం మొదలుపెట్టాడు. పది గంటలకల్లా మూడు చర్చిలు, కమాను, ఫౌంటెను అయిపోయాయి. కూలిన సన్యాసినుల మఠం దగ్గర మాత్రం ఆ పరుగు ఆగింది. కసిమిరా ప్రతి గదిలోకీ దూరి చూసింది. గోడలు తట్టింది. నేలమాళిగలోకి దిగి, "ఇదెందుకు కట్టారు?" అనడిగింది.

"వైను దాచుకోడానికి" అన్నాడు నికనోర్, నోటికొచ్చింది.

కాపలావాడు నవ్వేశాడు. "ఎవరు చెప్పారు మాస్టారూ? అసలు మీరిందులో అడుగుపెట్టడం నేను చూళ్ళేదే!"

"డెబ్బై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నావు కదయ్యా!" అంది కసిమిరా.

ఆ ఒక్క మఠానికే మూడున్నర దాటింది. ఇంటికి రాగానే వదినని కుర్చీలో కూర్చోబెట్టి, నికనోర్ నడకకి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఆమే నిలబడి ఉంది. మర్యాదగా అతని తలమీది టోపీ అందుకుని తిరగేసింది. కాగితం పొట్లం ఒకటి కిందపడింది.

ఆమె వంగి తీయలేదు. ఉన్నచోటి నుంచే ముక్కు ఎగబీల్చింది. "కొబ్బరుండ. దాల్చినచెక్క వేశారు. చేసి రెండు గంటలు కూడా కాలేదు."

"వదినా, మెల్లగా..."

"అంపారోకి తెలుసా?"

అతను వంటింటి వైపు తొంగిచూశాడు.

"సరే. ఈ ఊరికెన్ని రోజులు కావాలన్నావ్?"

నికనోర్ గొంతు తగ్గించాడు. "తొందరపడి రాశాను వదినా. వారం కావాలి."

"వారమేనా?"

"నిదానంగా చూస్తే... పది, పన్నెండు."

"నేనెప్పుడూ నిదానంగానే చూస్తాను" అంది కసిమిరా, పొట్లం తీసి తన జేబులో వేసుకుంటూ.

ఇక రోజూ పొద్దున నల్ల చిక్కుళ్ళు, రొట్టెలు తింటూ నికనోరే కొత్త చోటొకటి ప్రకటించేవాడు. చర్చిలు అయ్యాయి, మఠాలు అయ్యాయి, ఆడవాళ్ళు బట్టలుతికే తొట్లు అయ్యాయి. ఏమీ మిగలని రోజు, "వానాకాలం కదా, మబ్బు విడిస్తే అగ్నిపర్వతం పొగ కనిపిస్తుంది. అది చూడకుండా ఎలా వెళ్తారు?" అన్నాడు. అంపారో చెంచా పట్టుకుని నోరు తెరిచి చూసింది.

తిరుగుళ్ళ పుణ్యమా అని ఊరు అతనికీ నచ్చసాగింది. కానీ వదిన సాయంత్రం దాకా పక్కనే ఉండటంతో నాలుగింటి నడకే లేకుండా పోయింది. ఆమె నోరు మూయించబోయి తన నోరే కట్టేసుకున్నాడు. పదమూడో రోజుకి ఇక ఆగలేకపోయాడు.

"ఒకటి మిగిలిపోయింది వదినా. మా తాతల నాటి పొయ్యి. చూసి తీరాలి."

ఆ పొయ్యి ఫెలీసితాస్ కొట్లో ఉంది. కసిమిరా పొయ్యిని ఒక్క చూపు చూసి, పాలకోవా కడ్డీలు నాలుగు, అత్తిపండు మిఠాయి రెండు తింది. పైకి చూసి, "ఆ కిటికీ గది ఎవరిది?" అనడిగింది.

"ఖాళీయే. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేకపోతున్నాను. తోడుగా ఎవరైనా ఉంటే బాగుండు" అంది కొట్టు నడిపే ఫెలీసితాస్.

"ఆర్నెల్లు" అంది కసిమిరా. "ఎంత నిదానంగా చూసినా ఈ ఊరికి ఆర్నెల్లు సరిపోతాయి."

నికనోర్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వదిన ఇల్లు ఖాళీ చేస్తోంది, నిజమే. చేసి కాపురం పెడుతున్నది మిఠాయి కొట్టు నెత్తిమీద.

ఆదివారం ఆమె చేతిసంచీ పైగదికి మారింది. సోమవారం నాలుగింటికి అతను గుండె దిటవు చేసుకుని కొట్లోకి వెళ్తే, ఏప్రాన్ కట్టుకుని కసిమిరాయే కూర్చుని ఉంది. ఏమీ అడక్కుండా ఒక్క కొబ్బరుండ తీసి ఇచ్చింది. "రోజుకొకటే. రెండోది అడిగావో, చెల్లెలికి కబురు పోతుంది."

అతను ఉండ మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో అంపారో కనిపించింది, అక్క మరిచిపోయిన దుప్పటి పట్టుకుని.

"నువ్విక్కడేం చేస్తున్నావ్?" అంది భర్తతో.

అతని బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"నన్ను భోజనానికి పిలవడానికొచ్చాడే" అంది కసిమిరా. "ఒక్క పూట కాదు, రోజూ మీ ఇంట్లోనే తినాలని ఒకటే పట్టు. కదూ మరిదీ?"

నికనోర్ కళ్ళనీళ్ళు పెట్టుకుని తలూపాడు.