కాకాకు ఎన్ని చుక్కలు?

ఇరవై రెండేళ్ళు సోమలింగం ఏమన్నా ఎవరికీ వినపడలేదు. సూరత్‌లోని ఖటోదరాలో అతను పనిచేసే షెడ్డులో అరవై మరమగ్గాలు, వాళ్ళ మాటలో సాంచాలు, ఒక్కసారే ఆడతాయి. ఆ మోతలో పక్కవాడితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేదంటే ఎదుటివాడి పెదవులు చూసి మాట పట్టుకోవాలి. అందుకే అక్కడ సోమలింగం మహారాజు. ఫోను కంపెనీలను, సినిమా హీరోలను, మంత్రులను, క్రికెట్టు ఆడేవాళ్ళను పేరు పేరునా పలకరించి మరీ తిట్టేవాడు. సేటు ఎదురుగా నిలబడితే ఆయననూ నవ్వుతూనే తిట్టేవాడు. బీడీ కాల్చడు, కల్లు ముట్టడు. అతనికున్న వ్యసనం అదొక్కటే.

ఆ మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగాయి. సోమలింగం గొంతు ఆగలేదు, తగ్గనూ లేదు.

"జర మెల్లగ మాట్లాడరాదయ్యా? సాంచలు బందున్నయి. గల్లీ అంత ఇంటుంది" అని భార్య వజ్రమ్మ రోజుకు పదిసార్లు మొత్తుకునేది.

కూతురు హారతికి మాత్రం అది మహా సరదా అయింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీ మూతపడి గదిలో కూర్చుని విసిగిపోయి ఉంది. బాపు తిట్లను వీడియోలు తీసి ఇంటర్నెట్టులో పెట్టడం మొదలుపెట్టింది. యాప్‌లకు స్టార్లు వేస్తారే, అట్లా చివర ఐదుకు ఎన్ని చుక్కలో సోమలింగం తేల్చి చెప్పాలి.

మొదటి వీడియో వాళ్ళ ఫోను మీదే. "కొన్నప్పుడు లేడిపిల్ల లెక్క ఉరికింది. అప్‌డేట్ చేయుమన్నడు, చేసిన. గంతే, ముసలెద్దు లెక్క కూలవడ్డది. ఇగ కొత్తది కొనుమంటుండు. రోగం పెట్టేటోడు వాడే, మందు అమ్మేటోడు వాడే! ఒక్క చుక్క."

రెండోది ఫోన్లో ఆడే తుపాకుల ఆట మీద. "ఫుకట్ ఆట అన్నడు. ఆడుతాంటె నడుమల అంగీ కొనుమంటడు. మనం తొడుక్కునే అంగీ గాదు, ఫోన్ల బొమ్మ తొడుక్కునే అంగీ! మూడు నూర్లంట. పోగు లేదు, రంగు లేదు, నేసినోడు లేడు. నేను పొద్దంత నిలవడి అసలు బట్ట నేస్తె మీటరుకు చిల్లర ఇస్తరు, లేని అంగీకి మూడు నూర్లా? గా కంపెనీల మా సేటు గిట్ల ఉన్నడా ఏంది?"

మూడోది ఫోన్లో పేకాట ఆడమని టీవీలో చెప్పే ఒక హీరో మీద. "ఆయన ఆడడు, మనతోని ఆడిపిస్తడు. ఆయన కొడుకు చేతుల పేక సూస్తె చెంప పలగ్గొడ్తడు."

ముప్పై మందో నలభై మందో చూసేవారు. అందరూ సూరత్‌లో ఉన్న మన తెలుగువాళ్ళే. ఫోను కంపెనీవాడికి తెలుగు రాదు, హీరో ఖటోదరా రాడు. దూరపువాళ్ళను తిట్టడంలో ఉన్న హాయి అది. సోమలింగం ఆ హాయికి అలవాటు పడ్డాడు.

దగ్గరివాడి జోలికి పోయినప్పుడే కొంప మునిగింది. వార్డులో పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, అందరూ కాకా అంటారు. ఆయన మనుషులు ఇంటింటికీ రేషన్ సంచులు పంచారు. సంచి నిండా కాకా ఫోటో. సోమలింగం సంచిని కెమెరాకు చూపించి, "సంచి మీద మొఖం కుంచెడు, లోపల పప్పు గిద్దెడు! అర చుక్క. గది గూడ కాకాకు గాదు, సంచి నేసినోనికి. మంచిగ నేసిండు" అన్నాడు.

తెల్లారేసరికి దాన్ని నలభై వేలమంది చూశారు. ఎవరో పుణ్యాత్ముడు కింద గుజరాతీలో అర్థం కూడా రాసిపెట్టాడు.

"బాపూ, వైరల్ అయినవ్!" అని హారతి ఎగిరింది. సోమలింగం లేచి తలుపు గడియ పెట్టాడు. ఎందుకంటే మూడో రోజు పొద్దున మనవాళ్ళ సొంత ఊళ్ళకు ఒక బస్సు వెళ్ళబోతోంది. దానికి పర్మిషన్ తెచ్చింది కాకా ఆఫీసు. ఎవరెవరు ఎక్కాలో ఆ లిస్టు కాకా బల్ల మీద ఉంది.

వజ్రమ్మ ఇరవై ఏళ్ళు అదే షెడ్డులో కండెలు చుట్టింది. ఆ నూగంతా రొమ్ములోకి పోయి, ఇప్పుడు పీల్చే మందు లేనిదే ఊపిరాడదు. రెండు గదుల అవతల ఉండే లింగమూర్తిని కరోనా అని అంబులెన్సులో తీసుకుపోయి ఐదు రోజులైంది, ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. "ఈ రోగం ఆమెకు తగిలితే తట్టుకోదు, ఇక్కడినుంచి తీసుకుపొండి" అని డాక్టరు ఫోన్లోనే చెప్పేశాడు. ఆ బస్సులో మూడు సీట్లు. సోమలింగానికి ఈ లోకంలో కావలసింది అంతే.

"తీసెయ్ బిడ్డా, జల్ది తీసెయ్" అన్నాడు.

"తీసేసిన బాపూ. కానీ అందరి ఫోన్లల్లకు పోయింది. అవెట్ల తీస్తం?"

అప్పుడే ఫోను మోగింది. సుమన్. మనవాళ్ళ పిల్లాడే, కాకా ఆఫీసులో పనిచేస్తాడు. "మామా, కాకా నిన్ను యాద్ జేస్తుండు. నాలుగింటికి రా. ఒక్కనివే రా." ఆ గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

నాలుగింటిదాకా ఎలా గడిచిందో దేవుడికెరుక. బయట బండి చప్పుడైతే చాలు, సోమలింగం గోడకు అంటుకుపోయేవాడు. చుక్కలు వేసినవాడికే పట్టపగలు చుక్కలు కనిపించాయి.

"నేను గూడ రానా?" అంది వజ్రమ్మ.

"నువ్వు దగ్గినవంటె మన పేర్లు ఆడనే కొట్టేస్తరు."

"గట్లయితె కాళ్ళు మొక్కు. మొక్కితె ఏం అరిగిపోతయా?" అని ఆమె మాస్కు అందించింది.

గల్లీలో నరపురుగు లేదు. షెడ్లన్నీ తాళాలు వేసి ఉన్నాయి. సూరత్‌లో తన అడుగుల చప్పుడు తనకు వినపడటం సోమలింగానికి అదే మొదటిసారి. వెనక ఎవరో వస్తున్నారనుకుని రెండుసార్లు తిరిగి చూశాడు.

కాకా తెల్ల కుర్తాలో, చాలా మర్యాదగా ఉన్నాడు. స్వయంగా సీసా ఎత్తి సోమలింగం అరచేతుల్లో శానిటైజర్ పోశాడు. కుర్చీ చూపించాడు. తన ఫోన్లో ఆ వీడియో పెట్టి, మొదటినుంచి చివరిదాకా చూసి, పప్పు మాట దగ్గర పకపకా నవ్వాడు. అన్నీ హిందీలోనే అడిగాడు.

"మంచి గొంతు నీది. వీడియో తీసింది ఎవరు?"

"నా బిడ్డ, సాబ్."

"బాగా తీసింది. ఏ కాలేజీ?"

చెప్పకూడదని తెలుసు. అయినా సోమలింగం చెప్పేశాడు. ఏ సంవత్సరమో అడగకపోయినా అదీ చెప్పాడు. చెప్పాక తన నాలుకను తనే కోసేసుకోవాలనిపించింది.

కాకా లిస్టు ముందుకు జరిపాడు. సోమలింగం, వజ్రమ్మ, హారతి. మూడు పేర్ల మీద పెన్సిల్ గీత. పక్కనే రబ్బరు.

"ఇప్పుడు చెప్పు. నాకెన్ని చుక్కలు?"

సుమన్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "మాస్కు తియ్యి మామా. మొఖం కనవడాలె."

సోమలింగం మాస్కు తీశాడు. "ఐదు" అన్నాడు. అరవై సాంచాల మోతలో అరిచి అలవాటైన గొంతు, ఎదురుగా ఉన్న బల్ల దాకా కూడా పోలేదు.

"గట్టిగ మామా."

"ఐదు."

"సాంచల మీద జెప్పినట్టు జెప్పు. పప్పు గురించి గూడ జెప్పు." సుమన్ కళ్ళు నేలమీద ఉన్నాయి.

మూడోసారి వచ్చింది గొంతు. కాకా దేవుడన్నాడు. సంచి నిండా పప్పే అన్నాడు. ముందు చెప్పింది అబద్ధమన్నాడు. ఐదుకు ఐదు చుక్కలన్నాడు. కిటికీ కింద పడుకున్న కుక్క లేచిపోయేంత గట్టిగా అన్నాడు. కాకా రబ్బరుతో మూడు గీతలూ నెమ్మదిగా చెరిపి, కాగితం మీది పొట్టు ఊదేశాడు.

సోమలింగం కాళ్ళు మొక్కడానికి వంగాడు. "దూర్, దూర్!" అని కాకా నవ్వుతూ వెనక్కి జరిగాడు. "కరోనా హై."

మూడో రోజు పొద్దున బస్సు వచ్చింది. ముందు అద్దం మీద కాకా బొమ్మ. తలుపు దగ్గర లిస్టుతో సుమన్. దారిలో ఉన్న బార్డోలీ దాకా వెంట వస్తాడట. ఎక్కినవాళ్ళందరూ కాకా ఆఫీసులో సుమన్ తీసిన వీడియో చూసినవాళ్ళే. వజ్రమ్మకు కిటికీ సీటు వదిలారు. హారతి ఎక్కినప్పటినుంచి తల ఎత్తలేదు. ఆ పిల్ల ముఖం చూడటానికి సోమలింగానికి ధైర్యం చాలలేదు.

బస్సు కదిలింది. వెనక సీటులోంచి వెంకటవ్వ పిలిచింది. డెబ్బై ఏళ్ళ ముసలిది, సోమలింగం వీడియోలకు అందరికంటే ఎక్కువ నవ్వేది. ఆమె ఎగతాళి చేయలేదు. నిజంగానే కాసేపు నవ్వుదామని ఆశపడింది.

"సోమలింగం, గీ బస్సుకు ఎన్ని చుక్కలు బిడ్డా?"

బస్సులో తలలన్నీ తిరిగాయి. తలుపు దగ్గర సుమన్ కూడా తిరిగి చూశాడు. అతని చేతిలో ఫోను ఉంది. పక్కన వజ్రమ్మ ఊపిరి ఈల వేస్తోంది. బార్డోలీ ఇంకా రాలేదు.

సోమలింగం ఏదో అన్నాడు.

"ఏందీ?" అంది వెంకటవ్వ.

అతను మళ్ళీ అన్నాడు. వజ్రమ్మ గబుక్కున అతని వైపు తిరిగింది. ఎంత మోతలోనైనా అతని పెదవులు చూసి మాట పట్టుకున్న మనిషి ఆమె. కానీ అతని మూతికి మాస్కు ఉంది. గుడ్డ ఒకసారి లోపలికి పోయి బయటికి వచ్చింది, అంతే.

బస్సు ఇంజను చప్పుడు సాంచాల మోతంత పెద్దదేం కాదు. అయినా సోమలింగం ఏమన్నాడో ఎవరికీ వినపడలేదు.