తిరగేసి రాసే చెయ్యి

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో రెండో తరగతి టీచరు గొప్పగా చెప్పుకునే విద్య ఒకటుంది. ఆమె తలకిందులుగా రాయగలదు. పిల్లలను బల్లకు అటువైపు కూర్చోబెట్టుకుని, వాళ్ళ పుస్తకాన్ని ఇటు తిప్పకుండానే, అక్షరాలు వాళ్ళకు సరిగ్గా కనబడేట్టు తన వైపు నుంచి చకచకా రాసేసేది. కొత్తగా చేరిన టీచర్లు అది చూసి నోరు వెళ్ళబెట్టేవారు. నలుగురూ ఉన్నప్పుడు అవసరం లేకపోయినా ఓ మాట అలా రాసి చూపించేది కూడా. ఉన్న విద్యను దాచుకోవడం ఎందుకని ఆమె వాదన.

అలాంటి మనిషి చేతిలో బడివాళ్ళు ట్యాబ్ పెట్టారు. నేర్పే పని మూడో తరగతి టీచరుకు అప్పగించారు. ఆ అమ్మాయి ఎప్పుడూ మెడలో చార్జర్ వైరు వేసుకుని తిరుగుతుంది కాబట్టి బడంతా ఆమెను చార్జరమ్మ అంటుంది. మొదటి వారం రెండో తరగతి టీచరు ఆ ట్యాబ్‌ను నిండు గ్లాసులున్న పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకుని నడిచింది. రెండో వారం హాజరు వేయబోయి, నొక్కకూడని చోట నొక్కి, ఆ రోజు ఒక్క పిల్లా బడికి రాలేదని నలభై ఇళ్ళకూ కబురు పంపింది. అరగంటలో గేటు దగ్గర తల్లిదండ్రులు గుంపు కట్టారు. వాళ్ళకు సర్దిచెప్పేసరికి ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

అయినా పట్టిన పట్టు విడిచే రకం కాదు. మూడో వారం పాఠం మధ్యలో ట్యాబ్‌లో తిమింగలం కూత పెట్టి వినిపించింది. నలభై మంది పిల్లలు, క్షణం నోరు మూయని నలభై మంది, ఊపిరి బిగబట్టి విన్నారు. సముద్రం అడుగు నుంచి వచ్చిన ఆ పొడుగాటి మూలుగు తన బల్ల మీది పలుచటి పలక లోంచి వస్తుంటే టీచరు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ సాయంత్రం భర్తకు అదే సంగతి మూడుసార్లు చెప్పింది. మూడోసారి ఆయనే మిగతాది పూర్తి చేశాడు.

ఇన్ని చూసినా ఆమె మనసులో ఒక ముల్లు అలాగే ఉంది. ఆ ముల్లు పేరు గుప్పెడు. పిల్ల గుప్పెడంతే ఉంటుందని వాళ్ళ అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు అది. కాలు విరిగి, కట్లతో ఏడాదంతా మంచం మీదే ఉండి, ఒకటో తరగతి చదవకుండానే రెండో తరగతిలోకి వచ్చింది. తల్లి లాండ్రీలో ఇస్త్రీ పనికి పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. అమ్మమ్మకు చదువు రాదు. ఇంట్లో కలం పట్టేవాళ్ళు లేరు. అందుకని టీచరు పంతం పట్టి, నాలుగు నెలలపాటు రోజూ భోజనాల తర్వాత తన బల్లకు ఎదురుగా కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పింది.

నేర్పేకొద్దీ వింతగా తయారైంది. పిల్ల చదవడం నేర్చుకుంది, గలగలా చదువుతుంది కూడా. రాయమంటే మాత్రం ఒక్క మాటకు అయిదు నిమిషాలు పట్టేది. ఆ రాసినదానికి మొదలుండేది కాదు. గడియారం అని రాయమంటే పుస్తకం అంచున డియారం అని ఉండేది. మొదటి అక్షరం ఉంటే సందులో ఇరుక్కుని ఉండేది, లేకపోతే అసలే ఉండేది కాదు. టీచరు ఎర్రసిరాతో దిద్దీ దిద్దీ విసిగిపోయింది. ఎలా రాస్తుందో చూద్దామని ఎదుటి నుంచి తొంగిచూసినా, పక్కకు వెళ్ళినా, పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని రాయడం ఆపేసేది.

చివరికి టీచరే చేతులెత్తేసింది. పై తరగతికి పంపే నివేదికలు ఆ శుక్రవారం మూడు గంటలకల్లా పెద్ద మేడంకు చేరాలి. ట్యాబ్‌లో ముప్పై తొమ్మిది నివేదికలు పూర్తిచేసి, నలభయ్యోదానిలో ‘ఇదే తరగతిలో ఉంచాలి’ అన్న గడిలో టిక్కు పెట్టింది. ముందు రోజు అమ్మమ్మను పిలిచి ఆ మాట చెప్పింది కూడా. ఆవిడ వాదించలేదు. “మంచం మీద ఏడాది పోయింది టీచరమ్మా. ఇంకో ఏడాదంటే దానికి బడి మీదే మనసు విరిగిపోతుంది,” అని మాత్రం అని లేచి వెళ్ళింది. ఆ మాట టీచరుకు అన్నం తింటున్నా వినబడుతూనే ఉంది.

నివేదిక పంపబోతే ట్యాబ్ ఒప్పుకోలేదు. పిల్ల చేతిరాత నమూనా జతచేయాలట. రెండున్నర అయింది. టీచరు గుప్పెడును పిలిచి, తెర మీద రాసే కలం చేతికిచ్చి, గడియారం అని రాయమంది. పిల్ల బిగుసుకుపోకుండా తాను కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట ఏదో ఉన్నట్టు చూస్తూ నిలబడింది. అయిదు నిమిషాలకు పిల్ల కలం పెట్టేసి తన చోటికి వెళ్ళిపోయింది. తెర మీద మళ్ళీ అదే డియారం.

టీచరు నిట్టూర్చి, పంపే గుర్తు అనుకుని మూలనున్న చిన్న త్రికోణం నొక్కింది. తెర మీద రాత మాయమైంది. ఉన్న నమూనా కూడా పోయిందనుకుంది. అంతలో ఖాళీ తెర మీద ఒక చుక్క పడింది. ఆ చుక్క నుంచి గీత కదిలింది. ఎవరూ ముట్టుకోని తెర మీద, ఎవరి చెయ్యీ లేకుండా, పిల్ల రాసిన రాత మొదటి నుంచి తనంతట తాను మళ్ళీ రాసుకుంటోంది.

ఇరవై ఆరేళ్ళలో ఆమె లక్ష పుస్తకాలు దిద్ది ఉంటుంది. అన్నీ రాసేసిన అక్షరాలే. పిల్లలు వెళ్ళిపోయాక, రాత మిగిలాక, దాన్ని చూసి తప్పొప్పులు తేల్చింది. అక్షరం పుట్టడం చూస్తున్నది ఇప్పుడే. నిలబడ్డ చోటే కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చుంది.

ముందు సున్న వచ్చింది, తెరకు నడిమధ్యలో. తర్వాత దాని ఎడమ పక్కన ర. ఆ తర్వాత యా. తర్వాత డి. ఒక్కో అక్షరం తోక నుంచి మొదలై తల దగ్గర ఆగుతోంది. మాట కుడి నుంచి ఎడమకు నడిచి, అంచుకు కొట్టుకుని, గ రాయడానికి చోటు లేక ఆగిపోయింది. ఒక్కో అక్షరానికి ముందు మళ్ళీ అదే చిన్న చుక్క.

ఆ చుక్క ఎక్కడో చూసినట్టనిపించింది. రాయబోయే ముందు కలాన్ని ఒకసారి కాగితం మీద పొడిచే అలవాటు ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. తండ్రి చేత తిట్లు తిన్నా పోలేదు.

టీచరు ట్యాబ్‌ను పిల్ల కూర్చునే వైపుకు తిప్పి పెట్టి, కొత్త పేజీ తీసి, ఇటువైపు నుంచి, రోజూ రాసినట్టే తన ఎడమ నుంచి కుడికి, తలకిందులుగా గడియారం అని రాసింది. తర్వాత లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, నాలుగు నెలలుగా గుప్పెడు కూర్చున్న ఆ పొట్టి కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని త్రికోణం నొక్కింది.

చుక్క. సున్న. దాని ఎడమ పక్కన ర. యా. డి. చివరికి గ. అన్నీ తోక నుంచి తలకు.

చార్జరమ్మ ఏదో అడగడానికి లోపలికి వచ్చి, పొట్టి కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న మనిషిని చూసి కంగారుపడింది. ఏమైందక్కా అంటే టీచరు రెండు రాతలూ ఒకదాని తర్వాత ఒకటి నడిపి చూపించింది. “నేనేం చేశానో అది పొల్లు పోకుండా చేసింది,” అంది చివరికి. “మిగతావాళ్ళకు ఇంట్లో ఎవరో దిద్దించారు. దీనికి నా చెయ్యి ఒక్కటే. నా చుక్కతో సహా ఎత్తి పెట్టుకుంది. ఇంత శ్రద్ధ ఉన్న పిల్లను నా సర్వీసులో చూడలేదమ్మా. దాన్నే నేను మందమతి అనుకున్నాను.”

మూడవడానికి పది నిమిషాలుంది. నలభయ్యో నివేదికలో టిక్కు తీసేసి, ‘పై తరగతికి పంపాలి’ అన్న గడిలో పెట్టింది. మార్పుకు కారణం రాయమని ట్యాబ్ అడిగింది. తప్పు నేర్పినవారిది, ఈ సెలవుల్లో వారే సరిచేస్తారు అని రాసి, రెండు రాతలూ జతచేసి, ఈసారి పంపే గుర్తే అని రెండుసార్లు చూసుకుని నొక్కింది.

తర్వాత గుప్పెడును పిలిచింది. తన కుర్చీని బల్ల చుట్టూ ఈడ్చుకొచ్చి పొట్టి కుర్చీకి ఆనించి వేసుకుంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం ఎడమ అంచు దగ్గర మొదలుపెట్టి, గ, డి, యా, రం అంటూ మెల్లగా రాసింది.

గుప్పెడు కనుబొమలు ముడిచి ఆ కలాన్నే చూసింది. టీచరు ముఖం వంక చూసింది. నొచ్చుకుంటారేమోనని కాబోలు, గొంతు బాగా తగ్గించింది.

“టీచర్, మీరు చివర్నించి రాస్తున్నారు.”

“అవునమ్మా. ఇన్నాళ్ళూ నువ్వు నా దగ్గర నేర్చుకున్నావు కదా,” అంది టీచరు, కలం పిల్ల వేళ్ళ మధ్య పెట్టి, ఆ చెయ్యి మీద తన చెయ్యి వేస్తూ. “ఇప్పుడు ఇద్దరం కలిసి నేర్చుకుందాం.”

ఇద్దరూ ఒకేసారి కలాన్ని కాగితం మీద పొడిచారు.